రాజా కార్డు మీద నా సంతకం

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, మొహమాటం తీరాక అందరూ ఒకటే అడుగుతారు. "అన్నిటికంటే కష్టమైన కేసు ఏది సార్ మీకు?" ఏ ఆవు కడుపో కోసి దూడని తీసిన కథ చెబుతానని వాళ్ళ ఆశ. అవీ ఉన్నాయి. కానీ నన్నడిగితే, ఒక కుక్కని చూసి ఇది ఫలానా కుక్కే అని చెప్పడం అన్నిటికంటే కష్టం. నవ్వకండి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అక్కడే జరిగింది. ప్రమోషన్లూ బదిలీలూ మీకు ఎవరైనా చెబుతారు. ఈ తప్పు నేను చెబితేనే మీకు తెలుస్తుంది.

చెయ్యి ముందు, కలం తరవాత

తొంభైల మొదట్లో నన్ను గాజువాక దగ్గర ఒక పశువైద్యశాలకి వేశారు. అది గేదెల కోసం కట్టిన ఆసుపత్రి. గేదెని నిలబెట్టి కట్టే ఇనుప చట్రం, సిమెంటు తొట్టి, రేకుల షెడ్డు ఉండేవి. కుక్కని పడుకోబెట్టడానికి బల్ల కూడా ఉండేది కాదు. స్టీలు ప్లాంటులో, పోర్టులో ఉద్యోగాలకని గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు అప్పుడప్పుడే స్థలాలు కొని ఇళ్ళు కట్టుకుంటున్నాయి. ఇల్లు కట్టాక ప్రహరీ, ప్రహరీ కట్టాక గేటు, గేటు పెట్టాక కుక్క. నేనూ తణుకు నుంచి వచ్చినవాణ్ణే కాబట్టి ఈ వరస నాకు బాగా తెలుసు.

అలా గేదెల మధ్యలోకి కుక్కలు రావడం మొదలైంది. తరవాత పిల్లులు. మాకు వాటి గురించి కాలేజీలో చెప్పింది తక్కువ. నేర్పింది మా పెద్ద డాక్టరు గారు. ఆయన ముక్కుపొడి పీలుస్తూ, మమ్మల్ని తిడుతూ, మధ్యలో పాఠం చెప్పేవారు. నేను చేరిన వారంలోనే ఒకాయన కుక్కని ఆటోలో ఉంచి లోపలికొచ్చాడు. దాని పేరూ రంగూ ఆయన చెబుతుంటే నేను టీకా కార్డు రాసేస్తున్నాను. పెద్దాయన వచ్చి కార్డు లాక్కుని రెండు ముక్కలు చేశారు. "ముందు కుక్క మీద చెయ్యి వెయ్యవయ్యా. ఆ తరవాత కలం తియ్యి. ఆ సంతకం చూసి ఎవడో ధైర్యంగా పడుకుంటాడు" అన్నారు. అందరి ముందూ అన్నారని నాకు నాలుగు రోజులు కోపం తగ్గలేదు. మాట మాత్రం గుర్తుండిపోయింది. గుర్తుండటం వేరు, ఆచరించడం వేరు అని నాకు అప్పటికి తెలియదు.

కార్డంటే చిన్న అట్టముక్క. పేరు, రంగు, ఆడా మగా, వయసు, టీకా వేసిన తేదీ, కింద నా సంతకం. మునిసిపాలిటీ ఇచ్చిన ఇత్తడి బిళ్ళ మెడలో ఉంటే దాని నంబరు. "రాజా, గోధుమ రంగు, మగ" అని రాసి ఇచ్చేవాణ్ణి. అప్పట్లో గాజువాకలో ఆ మూడు మాటలకీ సరిపోయే కుక్క వీధికొకటి ఉండేది. పోలీసు స్టేషన్లో దొంగ ఆనవాళ్ళు అడిగితే "రెండు కాళ్ళు, మీసం" అని చెప్పినట్టుండేవి నా కార్డులు.

రాజా

రామమోహనరావు గారిది గుడివాడ వైపు. స్టీలు ప్లాంటులో ఉద్యోగం. మాట మంచి, మనిషి మంచి. ఆయన పెంచుకున్న కుక్క పేరు రాజా. అది వీధి కుక్కలతో కొట్లాడి ఎడమ చెవి చీల్చుకుంటే నేనే కుట్లు వేశాను. కుట్లు మానాక కూడా ఆ చెవి కొసన చిన్న గంటు మిగిలిపోయింది. ఏటా తప్పకుండా రాజాని తీసుకొచ్చి పిచ్చికుక్క టీకా వేయించేవారు. ఆయన కార్డు మా ఆసుపత్రిలో అన్నిటికంటే శుభ్రమైన కార్డు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చేవారు.

ఒక సోమవారం ఆయన హడావిడిగా వచ్చారు. వెంట పక్కింటి కరుణమ్మ గారూ, ఆవిడ కూతురు దీవెనా ఉన్నారు. కరుణమ్మ గారు ఇంట్లో బట్టలు కుట్టేవారు. భర్త దానియేలు గారు పోర్టులో క్రేను నడిపేవారు. దీవెనకి ఎనిమిదేళ్ళు. ముందు రోజు, ఆదివారం, చర్చి నుంచి వచ్చాక ఆ పిల్ల రాజా మెడకి రిబ్బను కట్టబోతే అది కుడి మణికట్టు మీద కరిచింది. పన్ను లోతుగానే దిగింది.

నేనప్పుడు ఈనలేక అవస్థ పడుతున్న గేదె దగ్గర ఉన్నాను. మోచేతుల దాకా సబ్బు నురగ. రామమోహనరావు గారు కార్డు తెరిచి నా మొహం ముందు పట్టుకున్నారు.

"చూడండి డాక్టరు గారూ, టీకా వేసి ఎనిమిది నెలలే అయిందండీ. ఇంకా నాలుగు నెలలుంది గదండీ. అదే చెబుతున్నాను ఈవిడకి."

కరుణమ్మ గారు కార్డు వైపు చూడలేదు. నా వైపే చూశారు. "బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులంట బాబూ. దీన్ని సూడండి, సిన్న పిల్ల. ఏయించక తప్పదా?"

అప్పట్లో పెద్దాసుపత్రిలో వేసే ఇంజెక్షన్లు అవే. రోజుకొకటి, కడుపు మీద. పెద్దవాళ్ళే ఏడ్చేవారు. నేను గేటు వైపు చూశాను. స్కూటరు పక్కన మా అటెండరు అప్పన్న తాడు పట్టుకుని ఉన్నాడు. తాడు చివర గోధుమ రంగు కుక్క, మెడలో పట్టీ, ఇత్తడి బిళ్ళ. రాజా. నా రెండు చేతులూ ఖాళీ లేవు గానీ నోరు ఖాళీగానే ఉంది కదా.

"సబ్బుతో కడిగారా అమ్మా?"

"కడిగినాం బాబూ, శానాసేపు."

"అయితే భయం లేదు. కుక్కకి టీకా ఉంది. పది రోజులు దాన్ని కనిపెట్టుకుని ఉండండి, చాలు. పిల్లకి సూదులు అక్కర్లేదు."

గేదె ఈనింది. చేతులు తుడుచుకుని, ఆవిడ ధైర్యం కోసం కార్డు వెనకాల అదే మాట రాసి సంతకం పెట్టాను. కరుణమ్మ గారు ఆ కార్డుని రెండు చేతులతో అందుకున్న తీరు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

ఇందులో ఎన్ని తప్పులున్నాయో లెక్క పెట్టండి. కుక్క మీద చెయ్యి వెయ్యలేదు. దాని నోరు చూడలేదు. మనిషికి ఇంజెక్షను కావాలో వద్దో చెప్పే హక్కు నాకు లేదు. ఆ మాట చెప్పాల్సింది పెద్దాసుపత్రి డాక్టరు. కుక్కకి టీకా ఉన్నా లేకపోయినా కరిచిన మనిషిని అక్కడికి పంపడమే నా పని. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఒక తల్లి బతిమాలుతుంటే మంచి మాట చెప్పి పంపాలనిపించింది. మంచి మాట చెప్పాలన్న తొందర మన వృత్తిలో మహా ప్రమాదం.

రెండు నిండు చెవులు

బుధవారం ఎవరో చెవి చిరిగిన కుక్కని తెచ్చారు. కుట్లు వేస్తూ, "ఇది కూడా మన రాజాకి మిగిలినట్టే గంటు మిగులుతుందిలే అప్పన్నా" అన్నాను.

అప్పన్న నాకంటే పదేళ్ళు పెద్ద. ఊరు సింహాచలం దగ్గరే. జంతువుల్ని పట్టుకోవడంలో అతన్ని మించినవాడు లేడు. అతను కుక్క మూతి వదలకుండానే అన్నాడు.

"ఏ రాజా బాబూ?"

"రామమోహనరావు గారి రాజా."

"ఏటి బాబూ అలగంతారు? మొన్న సోమారం వొచ్చినోడికి రెండు సెవులూ నిండుగానే ఉన్నాయి. నానే గదా తాడు పట్టుకున్నాను. నున్నగా, ఆకుల్లాగున్నాయి."

చీలిన చెవి కొస మళ్ళీ మొలవదు. మిగతా కుట్లు గబగబా ముగించాను. చేతులు కడుక్కుని స్కూటరు తీశాను.

రామమోహనరావు గారు షిఫ్టు దిగి ఇంట్లోనే ఉన్నారు. సోమవారం తెచ్చిన కుక్క చెవికి గంటు ఏదని అడిగాను. ఆయన ఏమీ దాచలేదు. చెవికి కుట్లు వేయించుకున్న రాజా ఆ ఏడాది టీకా వేయించుకున్న నెలకే లారీ కింద పడి చచ్చిపోయింది. ఇంట్లో ఆయన భార్య అన్నం మానేశారు. ఆయన ఎక్కడెక్కడో వెతికి, అచ్చం అలాంటి గోధుమ రంగు కుక్కని తెచ్చారు. పాత రాజా పట్టీ దీని మెడకి కట్టారు. బిళ్ళ అదే, పేరు అదే, కార్డూ అదే.

"మరి టీకా?" అన్నాను.

"ఏడాదికని గదండీ వేశారు. నెలకే పోయింది పాపం. ఇంకా పదకొండు నెలలు మిగిలుంది గదా అనుకున్నానండీ." ఆయన గొంతులో మోసం లేదు. "మాకు అది రాజాయేనండీ డాక్టరు గారూ. వేరే కుక్క అనుకోలేదు మేము."

పేరున్న కుక్కకి కార్డు ఇస్తున్నామని నేను అనుకున్నాను, కార్డున్న కుక్కకి పేరు పెడుతున్నామని ఆయన అనుకున్నారు. తరవాత నేను వాకబు చేస్తే ఇలాంటి ఇళ్ళు చాలా బయటపడ్డాయి. ఒక టామీ పోతే ఇంకో టామీ, పట్టీ మారదు. ఒక ఇంట్లో మూడో టామీ దాకా అదే కార్డు నడిచింది.

"సరే, కుక్క ఎక్కడ? పది రోజులు చూడాలి."

ఆయన తల దించుకున్నారు. కుక్క లేదు. వీధిలో వాళ్ళు తలో మాటా అంటుంటే, మునిసిపాలిటీ బండి వచ్చి పట్టుకుపోతుందన్న భయంతో మంగళవారం పొద్దున్నే స్కూటరు మీద తీసుకెళ్ళి సింహాచలం కొండ కింద వదిలేసి వచ్చారు. అక్కడైతే భక్తులు ఏదో ఒకటి పెడతారని, ఆకలికి చావదని. పట్టీ, బిళ్ళ మాత్రం విప్పి జాగ్రత్తగా తెచ్చుకున్నారు. అవి గూట్లో ఉన్నాయి, ఇంకో రాజా కోసం.

కరుణమ్మ గారి గుమ్మం

పక్కింటి గుమ్మం దాకా పది అడుగులు. నా ఉద్యోగంలో అంత దూరం నేను ఎప్పుడూ నడవలేదు.

కుట్టుమిషను ఆగింది. ఆవిడ లేచి నించున్నారు. ఏమీ చుట్టి చెప్పలేదు. "నేను తప్పు చెప్పానమ్మా. ఆ కుక్కకి టీకా లేదు. కుక్క కూడా ఇప్పుడు లేదు. పాపని వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి" అన్నాను.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. "మీరు సెప్పారనే ఊరుకున్నాను" అన్నారు. "మీరు సంతకం ఎట్టినారనే ఊరుకున్నాను. ఈ రెండు రోజులూ నాకు మళ్ళీ తెచ్చియ్యగలరా బాబూ?"

దానియేలు గారు పోర్టులో డ్యూటీలో ఉన్నారు. నేనే ఆటో పిలిచి తల్లినీ పిల్లనీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా దీవెన ఒకటే అడిగింది, రాజాకి కూడా సూదులు వేస్తారా అని. మొదటి ఇంజెక్షను వేస్తుంటే నేను వరండాలో నించున్నాను. లోపలి నుంచి ఆ పిల్ల ఏడుపు వినిపించింది. అంతగా సిగ్గుపడ్డ రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

డాక్టరు గారు నాతో స్పష్టంగా చెప్పారు. కుక్క దొరికి, కరిచిన రోజు నుంచి పదో రోజు దాకా ఆరోగ్యంగా ఉందని నేను రాసిస్తే, ఇంజెక్షన్లు అక్కడితో ఆపేస్తారు. దొరక్కపోతే పద్నాలుగూ తప్పవు. పదో రోజంటే వచ్చే బుధవారం. "ఈసారి మాత్రం ఆ కుక్కే అయితేనే రాయండి" అన్నారాయన. కొట్టినట్టే ఉంది ఆ మాట.

కొండ కింద

గురువారం సెలవు పెట్టి, రామమోహనరావు గారినీ అప్పన్ననీ వెంటబెట్టుకుని సింహాచలం వెళ్ళాను. కొండ కింద బస్సులు ఆగేచోట, పనసపళ్ళ దుకాణాల మధ్య, చెప్పుల స్టాండు వెనకాల, ఎక్కడ చూసినా గోధుమ రంగు కుక్కలే. పులిహోర తిని హాయిగా పడుకుని ఉన్నాయి. రామమోహనరావు గారు ఒక్కొక్కదాని ముందూ వంగి చూశారు. ఇదే అంటారు, కాదేమో అంటారు. చివరికి గట్టిగా "రాజా!" అని పిలిచారు. మూడు తోకలు ఊగాయి.

పట్టీ తీసేస్తే ఆయన కుక్కని ఆయనే పోల్చుకోలేకపోయారు. ఆయన్ని అనడం ఎందుకు, నేను మాత్రం ఏం పోల్చగలను? నా కార్డులో ఉన్నవి మూడు మాటలు. అవి కూడా చచ్చిపోయిన కుక్కవి.

శుక్రవారం సాయంత్రం దీవెనని చూడటానికి వెళ్ళాను. మూడు ఇంజెక్షన్లు అయ్యాయి. కడుపు మీద తడిగుడ్డ వేసుకుని పక్కకి తిరిగి పడుకుని ఉంది. కరుణమ్మ గారు కుర్చీ చూపించారు. కుక్క దొరకలేదని నేను దానియేలు గారికి చెబుతుంటే, పిల్ల మంచం మీంచి అంది.

"దాని నాలిక మీద నల్లమచ్చ ఉంటాది అంకుల్. ఇంకు పడ్డట్టుగ. ఇంకా, వెనక ఎడమ కాలికి ఒక్క గోరే తెల్లగుంటాది. మిగతావన్నీ నలుపే."

నేను తిరిగి చూశాను. "నీకెలా తెలుసమ్మా?"

"రోజూ సూత్తాను గదా" అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "బిస్కట్టు ఎడితే నాలిక సాపుతాది. సిన్న రాజాకే ఉంటాది మచ్చ. పెద్ద రాజాకి లేదు."

రెండు రాజాలనీ ఆ వీధిలో మొదటి నుంచీ వేరుగా పోల్చుకున్న మనిషి ఎనిమిదేళ్ళ పిల్ల. పెద్ద డిగ్రీ ఉన్న నేను గానీ, కుక్కని పెంచుకున్న ఇంటాయన గానీ ఆ పిల్లని ఏమీ అడగలేదు.

శనివారం పొద్దున్నే నేనూ అప్పన్నా మళ్ళీ కొండ కింద ఉన్నాం. కరిచిన కుక్క నోట్లో చెయ్యి పెట్టి నాలుక చూడటం కుదిరే పని కాదు కాబట్టి బిస్కట్లు పట్టుకుని దూరంగా కూర్చున్నాం. ఎండెక్కింది. కుక్కలు ఒక్కొక్కటే నాలుక బయటపెట్టి రొప్పడం మొదలుపెట్టాయి. మేమిద్దరం కుక్కల నాలుకలు చూస్తూ కూర్చుంటే కొండకి వెళ్ళే భక్తులు మమ్మల్ని చూస్తూ వెళ్ళారు. పది దాటాక పనసపళ్ళ దుకాణం నీడలో ఒకటి ఆవులించింది. నాలుక మీద నల్లటి మచ్చ.

"బాబూ, ఎనక కాలు సూడండి" అన్నాడు అప్పన్న మెల్లగా. వెనక ఎడమ కాలికి ఒక్క గోరు తెల్లగా ఉంది.

అప్పన్న తాడు ఉచ్చు వేశాడు. మూతికి గుడ్డ బిగించాడు. ఇక ఆటో దొరకాలి. కుక్కని చూడగానే ఒకతను ఇంజను స్టార్టు చేశాడు. "కుక్కనా? నాను ఎక్కించను బావా."

"ఎక్కించు బావా, ఇది ఒట్టి కుక్క కాదు" అన్నాడు అప్పన్న. "ఓ సంటిపిల్ల కడుపుమీద సూదులు దీని ప్రాణం మీదున్నాయి." ఆటో అతను వెనక సీటు మీద గోనెసంచి పరిచాడు.

రాజాని మా రేకుల షెడ్డులో బోనులో ఉంచాం. ఆ నాలుగు రోజులూ నేను దాన్ని చూసినంతగా నా పిల్లల్ని కూడా ఎప్పుడూ చూడలేదు. నీళ్ళు తాగిందా, గొంతు మారిందా, కాళ్ళు తడబడుతున్నాయా. అది మాత్రం అన్నం తిని, గేదెల్ని చూసి మొరిగి, నిద్రపోయింది. బుధవారం సాయంత్రం దాకా శుభ్రంగా ఉంది. బోను దగ్గర నించుని, నాలుకా గోరూ ఇంకోసారి చూసి, చీటీ రాసి సంతకం పెట్టాను. అప్పటికి దీవెనకి ఎనిమిది అయ్యాయి. మిగిలిన ఆరూ తప్పాయి. నేను తప్పు చెప్పకుండా ఉంటే అసలు ఎన్ని తప్పేవో చెప్పలేను. కానీ ఆ సోమవారమే కుక్కని చూసి బోనులో పెట్టి ఉంటే దాన్ని వదిలేసేవారు కాదు, ఆ తల్లికి ఆ భయం ఉండేది కాదు.

చీటీ ఇవ్వడానికి వెళ్తే కరుణమ్మ గారు తీసుకున్నారు. ఈసారి ఒక్క చేత్తో. థాంక్స్ చెప్పలేదు. చెప్పాలని నేను అనుకోలేదు కూడా.

కార్డులో కొత్త గీత

రాజాకి టీకా వేసి కొత్త కార్డు రాశాను. పాతది రామమోహనరావు గారి ముందే చించేశాను. ఆయన ప్లాస్టిక్ కవరు మాత్రం ఇచ్చేయమన్నారు. కొత్త కార్డులో నా చేత్తో అడుగున ఒక గీత గీశాను. "ఆనవాళ్ళు", దాని పక్కన "చెప్పినవారు". ఆ మొదటి గీతలో "నాలుక మీద నల్లమచ్చ, వెనక ఎడమ కాలి ఒక గోరు తెలుపు. చెప్పినవారు: దీవెన" అని ఉంటుంది.

అప్పటి నుంచి అదే నా పద్ధతి. కుక్క వచ్చినా పిల్లి వచ్చినా ముందు చెయ్యి వేస్తాను, నోరు తెరిచి పళ్ళు చూస్తాను. ఏడాది కుక్క పళ్ళకీ ఐదేళ్ళ కుక్క పళ్ళకీ తేడా ఎవరికైనా తెలుస్తుంది, చూస్తే. తరవాత ఇంట్లో పిల్లలుంటే వాళ్ళని అడుగుతాను. పెద్దవాళ్ళు జాతి చెబుతారు, ఎంతకి కొన్నారో చెబుతారు. పిల్లలు మచ్చ చెబుతారు. పూర్ణా మార్కెట్లో బియ్యం కొట్టు ఆయన ఒకసారి గోనెసంచిలో రెండు పిల్లులు తెచ్చాడు. రెండూ బూడిద రంగే. "ఏది ఏదో నాకెలా తెల్తాది సార్, రెండూ ఎలకలు పడతాయి" అన్నాడు. వెంట వచ్చిన ఆయన మనవరాలు మాత్రం ఒకదాని తోక మధ్యలో చిన్న ముడి ఉందని వేలు పెట్టి చూపించింది. అది కార్డులోకి ఎక్కింది.

రెండు వేలు దాటాక మైక్రోచిప్పులు వచ్చాయి. బియ్యపు గింజంత ఉంటుంది. మెడ వెనక చర్మం కింద పెడితే, యంత్రం దగ్గరగా పెట్టినప్పుడు నంబరు కనిపిస్తుంది. నేవీ ఆఫీసర్ల కుక్కలకి ముందు వచ్చింది. దాన్ని నేను తక్కువ చెయ్యను. చిప్పుని విప్పి ఇంకో రాజాకి కట్టలేరు, అదే దాని గొప్ప. మీరు తప్పకుండా వాడండి. కానీ యంత్రం పాడైన రోజూ, కరెంటు లేని రోజూ కుక్క కరుస్తుంది. ఆనవాళ్ళ గీత కూడా రాయండి.

ఒక అటెస్టేషను

మనం గెజిటెడ్ అధికారులం కదా. మీరూ చూస్తారు, కుక్కల కంటే ఎక్కువగా జిరాక్సు కాగితాలు వస్తాయి, సంతకం పెట్టి స్టాంపు వేయమని. ఒరిజినల్ చూడకుండా గబగబా పెట్టేసేవాళ్ళే ఎక్కువ. రాజా తరవాత నాకా అలవాటు పోయింది. చాదస్తం అని పేరొచ్చింది కూడా.

ఆ తరవాత పదిహేనేళ్ళకి, గాజువాక నుంచి బదిలీ అయి నేను వేరే చోట పనిచేస్తుండగా ఒకమ్మాయి ఫైలు పట్టుకుని వచ్చింది. నర్సింగు పూర్తి చేసింది, ఉద్యోగానికి కాగితాలు పంపాలి. టెన్త్ సర్టిఫికెట్టు జిరాక్సు నా ముందు పెట్టింది. నేను అలవాటు కొద్దీ ఒరిజినల్ అడిగాను. రెండూ పక్కపక్కన పెట్టి పైనుంచి చదువుకుంటూ వచ్చాను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ. అడుగున పుట్టుమచ్చలు రాసే చోట "కుడి మణికట్టు మీద గాయం మచ్చ" అని ఉంది.

"చెయ్యి చూపించమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి వాచీ విప్పి చెయ్యి బల్ల మీద పెట్టింది. మణికట్టు మీద తెల్లటి మచ్చ, పక్కనే ఇంకొకటి చిన్నది. పై పన్ను, కింది పన్ను. అప్పుడు మళ్ళీ పేరు చదివాను. తల ఎత్తి మొహం చూశాను.

"మా హెడ్మాస్టరు ఏదైనా మచ్చ సెప్పమంటే ఇదే సూపించాను అంకుల్" అంది దీవెన, నవ్వుతూ. "నాకీ మచ్చ రాజా ఎట్టిందే."

కాగితాలన్నీ ఒక్కొక్కటే చూసి సంతకాలు పెట్టాను. గాజువాకలో ఇంతమంది గెజిటెడ్ వాళ్ళుండగా ఇంత దూరం నా దగ్గరికే ఎందుకొచ్చావమ్మా అని అడిగాను.

దీవెన ఫైలు సర్దుకుంటూ చెప్పింది. "అమ్మే పంపింది అంకుల్. ఆ డాక్టరు బాబు దగ్గరికే ఎల్లు, ఆయనైతే సూడకుండా సంతకం ఎట్టడు అంది."